దానిమ్మ తెల్యా రోగం: మచ్చ పడకముందే పట్టుకునే దారి

మన షోలాపూర్ పేరు చెప్తే బయటి ఊళ్లవాళ్లకు రెండు గుర్తుకొస్తాయి. ఒకటి చద్దర్, రెండోది దానిమ్మ. రెండింటికీ సర్కారు ఇచ్చిన జీఐ ముద్ర ఉంది. అంటే ఆ పేరు పెట్టుకుని వేరే ఊరివాళ్లు తమ సరుకు అమ్ముకోరాదు. చద్దర్ మన చేతుల్లో పుట్టింది, దాని గురించి మనోళ్లు ఎన్నో సార్లు రాశారు, చెప్పుకున్నారు. దానిమ్మ సంగతి వచ్చేసరికి, అది రైతుల విషయం, మనకెందుకు అంటారు. నేను అట్లా అనుకోను.

మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాక మన వాడల నుంచి ఆడవాళ్లు కొందరు బీడీలకు పోయారు, కొందరు పవర్‌లూముల దగ్గర కండెలు చుట్టడానికి పోయారు. ఇంకొందరు తెల్లారకముందే టెంపో ఎక్కి తోటలకు పోతున్నారు. కొమ్మలు కత్తిరించేది వాళ్లే, కాయలకు సంచులు తొడిగేది వాళ్లే, షెడ్డులో కూర్చొని సైజు ప్రకారం కాయలు ఏరేది వాళ్లే. మగవాళ్లు అట్టపెట్టెలు మోస్తారు, ట్రక్కులు నింపుతారు. తోటకు రోగం వస్తే రైతుకు పంట పోతుంది, వీళ్లకు ఆ కాలమంతా కూలి పోతుంది. రైతుకైతే బ్యాంకువాడు గడువు ఇస్తాడేమో, కూలి మనిషికి ఎవరిస్తారు? అందుకే దానిమ్మ రోగం మన సంగతి కూడా. ఆ రోగం పేరు తెల్యా.

ఈ తెల్యాను తెచ్చే సూక్ష్మజీవి లోపలి రాతను శాస్త్రవేత్తలు అక్షరం అక్షరం చదివారు. ఇంగ్లీషులో దాన్ని జీనోమ్ సీక్వెన్సింగ్ అంటారు. చదివి చాలా ఏళ్లయింది, కానీ ఆ చదువు మన వాడలదాకా రాలేదు. నేను చదివింది మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి వరకే. ఇరవై ఏడేళ్లు మిల్లులో చేశాను, అందులో ఎక్కువ కాలం ఫోల్డింగ్ ఖాతాలో. మా మనవరాలు బీఎస్సీలో సూక్ష్మజీవుల చదువు చదువుతోంది. ఆమెను పది సార్లు అడిగి, నాకు ఒంటబట్టినంత, మన మాటల్లో రాస్తున్నాను.

నూనె మరక

తెల్యా అనేది మరాఠీ మాట. తేల్ అంటే నూనె. కాయ మీద నూనె మరక పడినట్టు ఉంటుంది కాబట్టి రైతులే ఆ పేరు పెట్టారు. మొదట ఆకు మీద సూది మొనంత మచ్చ పడుతుంది. నీళ్లలో నానినట్టు ఉంటుంది. ఆ ఆకును ఎండకు ఎత్తి పట్టుకుంటే మచ్చలోంచి వెలుతురు కనిపిస్తుంది. దాని చుట్టూ పసుపు అంచు. నాలుగు రోజులు పోతే మచ్చ గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది, ఆకు రాలుతుంది. కొమ్మకైతే కణుపు దగ్గర నల్లబడి, చిన్న గాలికే అక్కడ విరుగుతుంది. కాయ మీద మరక పెద్దదై, తొక్క చీలుతుంది. ఆ చీలిక ఒక్కోసారి ఇంగ్లీషు వై అక్షరం లాగా, ఒక్కోసారి ఎల్ అక్షరం లాగా ఉంటుంది. లోపల గింజలు బాగానే ఉన్నా అట్లాంటి కాయను వ్యాపారి ముట్టుకోడు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన రోగం కాదు. మన దేశంలో దీన్ని మొదట 1952లో ఢిల్లీలో గుర్తించి రాసిపెట్టారు. తర్వాత చాలా ఏళ్లు ఇది ఎక్కడో ఓ మూల పడి ఉంది. 1991లో బెంగళూరు పక్కన తోటల్లో గట్టిగా కనిపించింది. అక్కడి నుంచి ఉత్తర కర్ణాటకలో బీజాపూర్, బాగల్‌కోట్, కొప్పళ వైపు పాకింది. 2000 దాటాక మన షోలాపూర్, సాంగ్లీ, నాసిక్ తోటల మీద పడింది. ఆంధ్రాలో అనంతపురం రైతులు కూడా దీని చేతిలో దెబ్బ తిన్నారు. వాన, ఉక్క, ముప్పై డిగ్రీల దగ్గర వేడి, ఈ మూడూ కలిస్తే దానికి పండగ. వాన చినుకు రోగం ఉన్న ఆకు మీద పడి చింది, పక్క ఆకు మీద పడితే చాలు. కత్తెర ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయినా చాలు.

మా పెద్దక్క భర్త, మా బావ, మిల్లులో జాబర్‌గా చేశాడు. మిల్లు మూతబడ్డాక చేతికొచ్చిన డబ్బుతో సాంగోలా వైపు రెండెకరాలు కొని దానిమ్మ పెట్టాడు. భగవా రకం, ఎర్రగా నిగనిగలాడే కాయ, గల్ఫ్ దేశాలకు పోయే సరుకు. మొదటి కాపు మంచిగ వచ్చింది. రెండో కాపుకు వానాకాలంలో ఆకు మీద మచ్చ పడింది. నెల తిరిగేసరికి కాయ కాయకూ నల్ల మరక. "సాంచా మీద దారం తెగితే ముడేస్తం. ఇది బీమ్ మొత్తం ఒక్క పూటలో తెగినట్టయింది బావా" అన్నాడు నాతో. చివరికి చెట్లన్నీ పీకించి కుప్పపోసి కాల్చాడు. ఆ తోటలో పనికి పోయే మన వాడ ఆడవాళ్లు ఏడుగురు వేరే దారి చూసుకున్నారు.

ఆ మొక్కలు ఒక నర్సరీవాళ్లు టెంపోలో తెచ్చి దించి పోయినవి. దించినప్పుడు ఆకులు పచ్చగా ఉన్నాయి, మచ్చ ఒక్కటి లేదు. మరి రోగం మొక్కలతోనే వచ్చిందా, పక్క తోట నుంచి వాన జల్లుతో వచ్చిందా? మా బావ ఎంతమందిని అడిగినా ఆ రోజుల్లో చెప్పగలిగినవాళ్లు లేరు. సూక్ష్మజీవి రాతను చదివిన పని ఈ ప్రశ్నకే పనికొస్తుంది. అందుకే ముందు ఆ జీవి ఎవరో చెప్పాలి.

పసుపు వంశం

దాని ఇంటిపేరు జాంతోమోనాస్. గ్రీకు భాషలో జాంతోస్ అంటే పసుపు. గాజు పళ్లెంలో మేత వేసి పెంచితే పసుపు చుక్కల్లాగా పెరుగుతుంది కాబట్టి ఆ పేరు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒకటి రెండు భాగాలంత పొడుగు ఉంటుంది. వెనక ఒక తోక లాంటి వెంట్రుక, దాంతో నీళ్లలో ఈదుతుంది. ఆకు మీద గాలి పీల్చుకునే సన్నని రంధ్రాలుంటాయి గదా, వాటిలోంచి, లేదా గీసుకుపోయిన చోట నుంచి లోపలికి దూరుతుంది.

ఈ వంశంలో చుట్టాలు చాలామంది. మన బతుకు పత్తి మీద నడిచింది. ఆ పత్తికి నల్లమచ్చ తెగులు తెచ్చేది దీని చుట్టమే. యానాం వైపు, ఒడిశాలో గంజాం వైపు ఉన్న మన చదువరులకు వరి ఎండాకు తెగులు తెలిసే ఉంటుంది, అదీ దీని చుట్టమే. నిమ్మకాయ మీద గజ్జి లాగా లేచే తెగులు ఇంకొకటి. స్ట్రాబెర్రీ ఆకుల మీద మూలలు మూలలుగా మచ్చలు తెచ్చేది మరొకటి, దాన్ని అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో 1960లో మొదట చూశారు. యూరప్ దేశాలు ఆ రోగం ఉన్న మొక్కలను సరిహద్దు దాటనీయకుండా చూస్తాయి.

ఇంకో సంగతి విని నేను నవ్వుకున్నాను. ఈ వంశంలోనే ఒక జీవి నుంచి జాంతాన్ గమ్ అనే జిగురు తీస్తారు. సాస్‌లు, ఐస్‌క్రీములు చిక్కగా ఉండడానికి దాన్ని కలుపుతారు. బట్ట మీద ప్రింటింగ్ వేసే రంగు ముద్ద పారిపోకుండా చిక్కబడడానికి కూడా వాడతారు. ఆకు మీద దాని జిగురు దానికి కవచం, మనకేమో ప్రింటింగ్ ఖాతాలో సామాను.

అట్టల మాల

జీనోమ్ అంటే ఏమిటని మనవరాలిని అడిగితే మొదట పుస్తకంలో ఉన్నట్టు చెప్పింది. నాకు ఎక్కలేదు. తర్వాత నేనే అడిగాను, "జకార్డు అట్టల్లాంటిదా?" అని. ఆమెకు జకార్డు తెలియదు. ఇద్దరం కలిసి ఒకరికొకరం చెప్పుకున్నాం.

షోలాపూర్ చద్దర్ నేసినవాళ్లకు అట్టలు తెలుసు. ఒక్కో అట్టకు రంధ్రాలుంటాయి. రంధ్రం ఉన్న చోట కొక్కెం దారాన్ని లేపుతుంది, లేని చోట దారం కిందనే ఉంటుంది. అట్లాంటి అట్టలను వరసగా కుట్టి మాల చేస్తారు. ఆ మాల తిరిగిన కొద్దీ బట్ట మీద నెమలి వస్తుంది, పువ్వు వస్తుంది. నెమలి అట్టలో ఉండదు, అట్టలో ఉండేది రంధ్రాల వరస మాత్రమే. కానీ ఆ వరస తప్పితే నెమలి రాదు. అనుభవం ఉన్నవాడి చేతికి అట్టల మాల ఇస్తే, సాంచా నడపకుండానే ఇది ఏ డిజైనో చెప్పేస్తాడు.

ప్రాణం ఉన్న ప్రతి దాని లోపల అట్లాంటి మాల ఒకటి ఉంటుంది. దాన్ని డీఎన్‌ఏ అంటారు. అందులో రంధ్రాలకు బదులు నాలుగు రకాల రసాయనాలు వరసగా ఉంటాయి: అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. వాటిని ఏ, టీ, జీ, సీ అని నాలుగు అక్షరాలుగా రాస్తారు. ఆ అక్షరాల వరస ప్రకారమే ఆ జీవి తోక కడుతుంది, జిగురు చేస్తుంది, ఆకును లొంగదీసే ఆయుధాలు తయారు చేస్తుంది. మొత్తం మాలను కలిపి జీనోమ్ అంటారు. మనిషి మాలలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. తెల్యా జీవి మాలలో సుమారు 49 లక్షలు.

దీన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒకేసారి చదవడం కష్టం. అందుకే ఒకే జీవికి చెందిన లెక్కలేనన్ని మాలలు తీసుకుని చిన్న చిన్న ముక్కలుగా తెంపుతారు. ప్రతి ముక్కనూ యంత్రం చదువుతుంది. తర్వాత కంప్యూటరు వాటిని కలుపుతుంది. ఎట్లాగంటే, ఒకే డిజైన్ చద్దర్లు వంద తెచ్చి, ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా చింపేశారనుకోండి. ఒక ముక్కలో నెమలి తల, మెడ ఉన్నాయి. ఇంకో ముక్కలో మెడ, రెక్క ఉన్నాయి. మెడ రెండింట్లోనూ ఉంది కాబట్టి ఈ రెండూ పక్కపక్కనే అని తెలుస్తుంది. అట్లా లక్షల ముక్కలను అంచులు కలిపి కలిపి చద్దర్ మొత్తం పరుస్తారు. కొన్ని చోట్ల ముక్క దొరకక ఖాళీ ఉంటుంది. అట్లాంటి దాన్ని చిత్తుప్రతి అంటారు. పనికి చిత్తుప్రతి కూడా చాలావరకు చాలు.

తెల్యా జీవి చిత్తుప్రతిని చండీగఢ్‌లో ఇమ్‌టెక్ అని పిలిచే కేంద్ర సర్కారు సంస్థ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించారు. వాళ్లు చదివిన నమూనా మన దేశంలోనే ఎన్నో ఏళ్ల కింద దానిమ్మ నుంచి తీసినది. బెల్జియం దేశంలో గెంట్ నగరంలో ప్రపంచంలోని సూక్ష్మజీవులను భద్రపరిచే ఖజానా ఒకటి ఉంది, అందులో దీన్ని దాచారు. మన తోటల శత్రువును అక్కడ అంతకాలం ప్రాణంతో దాచి ఉంచితే, ఇక్కడివాళ్లు దాని రాత చదివారు.

మరుసటి ఏడు, 2013లో, బెల్జియం శాస్త్రవేత్తలు స్ట్రాబెర్రీ రోగం జీవి మాల చదివారు. అందులో సుమారు 42 లక్షల అక్షరాలే. చుట్టాల కంటే తక్కువ. అది స్ట్రాబెర్రీ మొక్క మీద తప్ప దాదాపు వేరే దేని మీదా బతకదు. ఒకే గదిలో ఉండేవాడు అక్కర్లేని సామాన్లు వదిలించుకున్నట్టు, అది కూడా అక్కర్లేని అట్టలు పోగొట్టుకుందని అక్షరాలు చూసి చెప్పారు.

చదివితే ఏమొచ్చింది?

ఇదంతా మా బావకు చెప్తే ఒకటే మాట అడిగాడు. "చదివిండ్రు సరే. మచ్చ పోయిందా?"

పోలేదు. రాత చదివినంత మాత్రాన రోగం పోదు. కానీ చదవకపోతే కొన్ని పనులు అసలు మొదలే కావు. అవి మూడు.

మొదటిది, దాని ఆయుధాలు తెలుసుకోవడం. ఈ జీవి ఆకు కణాన్ని తాకి, సూది లాంటి గొట్టంతో తన సరుకును లోపలికి ఎక్కిస్తుంది. ఆ సరుకు ఆకు కాపలాను నిద్రపుచ్చుతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో, ఎక్స్‌-ఓ-పీ-ఎన్ అనే పేరున్న ఒక ఆయుధం అక్షరాలను చెడగొట్టి చూశారు. ఆ ఆయుధం లేని జీవి దానిమ్మ ఆకులో మునుపటిలా పెరగలేకపోయింది, రోగం తగ్గింది. ఇది మందు కాదు. ఎక్కడ కొట్టాలో తెలిసింది, అంతే.

దీనికి ముందే నడిచిన దారి ఒకటి వరిలో ఉంది. మన బాపట్లలో పుట్టిన సాంబ మసూరి తినడానికి బాగుంటుంది గానీ ఎండాకు తెగులుకు నిలవదు. హైదరాబాదులో సీసీఎంబీవాళ్లు, వరి పరిశోధనవాళ్లు కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను మామూలు సంకరంతోనే అందులోకి తెచ్చారు. ప్రతి తరంలో మొక్క డీఎన్‌ఏ చూసి, ఆ మూడూ వచ్చినవాటినే ఏరుకున్నారు. మెరుగైన సాంబ మసూరి 2008లో రైతులకు వచ్చింది. దానిమ్మకు ఇంకా అట్లాంటి రకం రాలేదు. ఇప్పుడు మార్కెట్లో నడిచే రకాలు ఏవీ తెల్యాకు గట్టిగా నిలబడవు. వరి ఆరు నెలల్లో కోతకొస్తుంది, దానిమ్మ చెట్టుకు ఏళ్లు పడుతుంది. కాబట్టి ఆ దారి పొడుగు.

రెండోది, మచ్చ పడకముందే పట్టుకోవడం. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. కరోనా అప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష గుర్తుంది గదా, ఆర్‌టీ-పీసీఆర్ అని. ఇదీ ఆ జాతి పరీక్షే. జీవి మాలలో ఒక ముక్కను గుర్తుగా ఎంచుకుంటారు. ఆకు రసంలో ఆ ముక్క ఒక్కటి ఉన్నా, యంత్రం దాన్ని రెండు చేస్తుంది, రెండును నాలుగు, నాలుగును ఎనిమిది. ముప్పై సార్లు అట్లా చేస్తే ఒక్కటి 100 కోట్లు దాటుతుంది, అప్పుడు కంటికి చూపించవచ్చు. ఆ ముక్క లేకపోతే ఎన్ని సార్లు తిప్పినా ఏమీ రాదు. కొన్ని గంటల పని.

అయితే ఏ ముక్కను గుర్తుగా పెట్టుకోవాలి? ఆకు మీద ఏ హానీ చేయని జీవులు కూడా ఎన్నో ఉంటాయి, వాటిలో పసుపువీ ఉంటాయి. అందరికీ ఉండే ముక్కను గుర్తు పెట్టుకుంటే మంచివాణ్ణి కూడా దొంగ అంటాం. మాల మొత్తం చదివి, చుట్టాల మాలలతో పోల్చి చూస్తేనే సరైన ముక్కను నమ్మకంగా ఏరవచ్చు. కర్ణాటకలో బాగల్‌కోట్ ఉద్యాన విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, ఎక్స్‌-ఓ-పీ-క్యూ అనే జన్యువు ముక్కను గుర్తుగా పెట్టుకుని చేసే పరీక్షను 2019లో ప్రచురించారు. దాంతో మచ్చలు బయటపడకముందే మొక్కలో జీవిని పట్టవచ్చని చూపించారు. ఇల్కల్, బాగల్‌కోట్ వైపు ఉన్న మన నేత కుటుంబాలకు ఇది ఇంటి పక్క సంగతి.

మూడోది, ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీయడం. ఫోల్డింగ్ ఖాతాలో మా పని అదే. తానులో ఒక చోట తప్పు కనిపిస్తే, అది ఎంత దూరానికోసారి వస్తోందో కొలిచి, ఏ సాంచాదో, ఏ పాళీదో చెప్పేవాళ్లం. తప్పు నేసినవాడు చెప్పకపోయినా బట్ట చెప్పేది. జీవి తరతరానికీ మాలను కాపీ చేసేటప్పుడు అప్పుడప్పుడు ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు దాని పిల్లలన్నిటికీ పోతుంది. రెండు తోటల్లోని జీవుల అక్షరాలు పోలిస్తే, అవి ఎంత దగ్గరి చుట్టాలో తెలుస్తుంది. స్ట్రాబెర్రీ రోగం మీద స్విట్జర్లాండ్‌లో ఈ పని చేశారు. వేరువేరు దేశాల నమూనాలను పోల్చి, వంశాలుగా విడదీశారు. నారు మొక్కలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతుంటే రోగం కూడా వాటితో పోతుంది కాబట్టి, ఏ వంశం ఎక్కడ ఉందో తెలియడం వాళ్లకు అవసరం.

మా బావ తోటలో చెట్లు బూడిదయ్యాయి, ఇప్పుడు పోల్చడానికి ఏమీ మిగల్లేదు. కానీ ఆ రోజు ఎవరూ చెప్పలేని సంగతిని ఈ రోజు అడగడానికి ఒక దారి ఉంది.

మందు కొట్టి కొట్టి

ముందే పట్టుకోవడం ఎందుకంత అవసరమో ఇంకో వైపు నుంచి చెప్తాను. మచ్చ పడ్డాక రైతు చేసేది మందు కొట్టడమే. ఏళ్ల తరబడి తోటల్లో స్ట్రెప్టోసైక్లిన్ అనే మందు కొట్టారు. అందులో స్ట్రెప్టోమైసిన్ ఉంటుంది. ఆ పేరు మన పాత మిల్లు కుటుంబాలకు కొత్త కాదు. ఇరుకు గదుల్లో క్షయ వచ్చినవాళ్లకు ఆసుపత్రిలో ఆ సూదులు వేసేవాళ్లు. మా చాల్‌లోనే నలుగురైదుగురు ఆ సూదులతో బతికారు.

ఒకే మందును ఊరూరా, వానవానకూ కొడితే దాన్ని తట్టుకునే సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయి. తట్టుకునే ఆ గుణం వాటి అట్టల్లోనే ఉంటుంది, అట్లాంటి అట్టలను ఒక జాతి జీవి ఇంకో జాతి జీవికి ఇచ్చుకోగలదు. తోటలో మొదలైన మొండితనం తోటలోనే ఆగుతుందని ఎవరు పూచీ? అందుకే కేంద్ర సర్కారు 2021లో, పంటల మీద స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వాడకాన్ని ఆపించే ఉత్తర్వు ముసాయిదా తెచ్చింది. ఆ మందు కొట్టే పంపు వీపున మోసేది కూలి మనిషే. మొక్క శుభ్రంగా వస్తే సగం మందు అక్కర్లేదు.

మనం చేయగలిగింది

షోలాపూర్‌లో పుణె రోడ్డు మీద కేగావ్ దగ్గర దానిమ్మ జాతీయ పరిశోధనా కేంద్రం 2005 నుంచి ఉంది. మన దేశంలో దానిమ్మ కోసమే పెట్టిన కేంద్రం అది, మన ఊళ్లోనే ఉంది. కౌలుకో, సొంతానికో తోట పెట్టేవాళ్లు మొక్క కొనేముందు అక్కడికి పోయి అడగాలి.

మన వైపు దానిమ్మ మొక్కలు ఎక్కువగా గుటీ కట్టి చేస్తారు. అంటే మంచి చెట్టు కొమ్మకు తొక్క ఉంగరంలా తీసి, తడి నాచు కట్టి, వేర్లు వచ్చాక కోసి నాటుతారు. తల్లి చెట్టులో రోగం దాగి ఉంటే గుటీల్లోకీ అది రావచ్చు. ఒక్క తల్లి చెట్టు నుంచి వందల మొక్కలు వందల ఊళ్లకు పోతాయి. కాబట్టి నర్సరీవాణ్ణి మూడు మాటలు అడగండి. ఈ గుటీలు ఏ తోటలో కట్టారు? ఆ తోటలో తెల్యా వచ్చిందా? తల్లి చెట్లకు ల్యాబ్ పరీక్ష చేయించారా, ఆ కాగితం చూపిస్తారా? కాగితం లేదంటే, ధర తగ్గిస్తానన్నా తీసుకోకండి. రెండు రూపాయలు తగ్గించిన మొక్క రెండెకరాలను తినేస్తుంది.

తోట పనికి పోయే అక్కచెల్లెళ్లకు కూడా కొన్ని మాటలు. ఆకు తడిగా ఉన్నప్పుడు తోటలో తిరిగితే చీర కొంగుతో, చేతులతో రోగం ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోతుంది, ఆరేదాకా ఆగడం మంచిది. ఒక చెట్టు కత్తిరించాక కత్తెరను సోడియం హైపోక్లోరైట్ నీళ్లలో ముంచి ఇంకో చెట్టుకు పోవాలి. ఆ డబ్బా, ఆ నీళ్లు తోట యజమాని ఇవ్వాలి, అడగండి. కత్తిరించిన కొమ్మలు, రాలిన ఆకులు చెట్ల కింద వదిలేయకుండా తీసి కాల్చాలి, ఎండిన ఆకులో కూడా ఆ జీవి నెలల తరబడి బతుకుతుంది. కత్తిరించిన గాయాల మీద బోర్డో మిశ్రమం పడాలి. ఒక శాతం మిశ్రమానికి 100 లీటర్ల నీళ్లకు ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం. అది కొట్టేటప్పుడు ముక్కుకు, కళ్లకు, చేతులకు అడ్డం కావాలి. అదీ యజమాని ఇవ్వాల్సిందే.

తోట ఉన్నవాళ్లకు: తెల్యా ఉన్న చోట మృగ్ బహార్, అంటే వానాకాలపు కాపు, ప్రమాదం. చెట్టుకు మూడు నాలుగు నెలలు విశ్రాంతి ఇచ్చి, హస్త బహార్ పట్టమని, అంటే సెప్టెంబరు, అక్టోబరు పూతకు వెళ్లమని తెలిసినవాళ్లు చెప్తారు. కాయ పెరిగే కాలం పొడి కాలంలో పడుతుంది, జీవికి తడి దొరకదు.

ఒక మాట మిగిలింది. పరీక్ష ల్యాబులో ఉంది, మొక్క నర్సరీలో ఉంది. మధ్యలో ఉన్న దూరాన్ని కొనేవాడు అడిగితేనే ఎవరైనా నడుస్తారు. మిల్లులో యూనియన్ లేకముందు మన పాళీ గంటలు ఎవరూ తగ్గించలేదు, పది మంది కలిసి అడిగాకే తగ్గాయి. ఒక్క రైతు పరీక్ష కాగితం అడిగితే నర్సరీవాడు నవ్వుతాడు. ఒక ఊరి రైతులంతా కలిసి, కాగితం లేకపోతే కొనం అంటే, వచ్చే ఏడాదికి అతనే తల్లి చెట్ల ఆకులు పట్టుకుని ల్యాబుకు పోతాడు. మా బావ కొడుకు ఈ మధ్య మళ్లీ ఎకరం పెట్టాలని చూస్తున్నాడు. పక్క నలుగురు రైతులతో మాట్లాడి, ఐదుగురూ ఒకే చోట మొక్కలు తీసుకుందాం, పరీక్ష ఖర్చు పంచుకుందాం అని ఒప్పించాడు. నర్సరీవాళ్ల జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా గుంతలు తవ్వను అంటున్నాడు.